గులాబీ కొనేముందు రెండు ప్రశ్నలు

మార్చి నెల వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో గులాబీల మాట మొదలవుతుంది. పెద్ద దుకాణాల ముందు మొక్కలు బారులు తీరి ఉంటాయి. ఒక్కోదానికి వేలాడే అట్టముక్క మీద అరచేతంత ఎర్రటి పువ్వు బొమ్మ. ఆ బొమ్మ చూసి కారులో వేసుకొచ్చి పాతేస్తాం. మొదటి ఏడాది బాగానే పూస్తుంది. రెండో ఏడాది ఆకుల మీద నల్లమచ్చలు వచ్చి, ఆగస్టుకల్లా కొమ్మలు బోసిగా నిలబడతాయి. మూడో ఏడాదికి మొక్క ఉండదు. ఒకవేళ ఉన్నా, అది మనం కొన్న మొక్క కాదు. "ఈ ఊళ్ళో గులాబీలు రావండీ" అని తీర్మానం చేసేసి అక్కడ ఇంకేదో పెట్టేస్తాం.

గులాబీలు ఇక్కడ బ్రహ్మాండంగా వస్తాయి. ప్లేనోలో పదిహేడేళ్ళుగా పెంచుతున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. "నా చేత్తో పెడితే ఏదీ బతకదు" అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. తప్పు చాలాసార్లు చేతిది కాదు, ఎంపికది. గులాబీ అంటే ఒక మొక్క కాదు, వేల రకాలు. వాటిలో కొన్ని పసిపిల్లల్లా రోజూ చూసుకోవలసినవి. కొన్ని స్మశానాల్లో, పాడుబడ్డ ఇళ్ళ ముందు నీళ్ళు పోసే దిక్కు లేకుండా దశాబ్దాలు పూసినవి. బొమ్మలో రెండూ ఒకేలా అందంగా ఉంటాయి.

అందుకే కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకోమంటాను. ఈ పువ్వు నాకు ఎందుకు? ఈ మొక్క వేరు ఎవరిది? మొదటిది అందరికీ వెంటనే అర్థమవుతుంది. రెండోది ఎందుకో కొంచెం తర్వాత చెబుతాను.

ముందు మన మట్టి సంగతి

డాలస్, ప్లేనో, ఫ్రిస్కో ఉన్న నేల చాలామటుకు నల్లరేగడి. ఇక్కడ దాన్ని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. మట్టి శాస్త్రం ప్రకారం ఇదీ, మన గుంటూరు వైపు పత్తి పండే నల్లరేగడీ ఒకే జాతి, వెర్టిసాల్. ఒకప్పుడు ఇక్కడా పత్తే పండింది. ఎండితే చెయ్యి పట్టేంత బీటలు, తడిస్తే చెప్పు వదలని జిగురు. ఆ బీటల వల్ల ఇల్లు కదలకుండా ఎండాకాలంలో పునాది చుట్టూ నీళ్ళు పెట్టుకునే ఊరు ఇది. పల్నాడు నుంచి వచ్చినవాళ్ళకి ఈ మట్టి గురించి నేను చెప్పేది ఏముంది!

గులాబీకి ఈ మట్టిలో బలం దొరుకుతుంది గానీ ఊపిరి ఆడదు. వేరు దగ్గర నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది. అందుకని గుంట తవ్వి పాతడం కన్నా, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు మడి కట్టి, కంపోస్టు కలిపి, కాల్చి ఉబ్బించిన షేల్ రాయి ముక్కలు కూడా కలిపి పెట్టడం మంచిది. వాటిని ఇక్కడి నర్సరీల్లో ఎక్స్‌పాండెడ్ షేల్ అని అమ్ముతారు. మట్టిలో సున్నం ఎక్కువ కాబట్టి లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే, అది రోగం కాదు, ఇనుము అందకపోవడం.

ఇక వాతావరణం. జులై, ఆగస్టుల్లో వారాల తరబడి నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. అదే ఊళ్ళో 2021 ఫిబ్రవరి 16న విమానాశ్రయం దగ్గర మైనస్ రెండు డిగ్రీలు, అంటే మన లెక్కలో సుమారు మైనస్ 19. ఈ రెండింటినీ తట్టుకునే మొక్క కావాలి. పేరున్న గులాబీల్లో చాలా భాగం ఫ్రాన్స్, జర్మనీ, ఇంగ్లండ్ లాంటి చల్లటి దేశాల్లో, అక్కడి తోటల కోసం పుట్టినవి. ఈ లోటు గుర్తించి వేడి దేశాల కోసం గులాబీలు తయారుచేస్తున్న మనిషి మన దగ్గరే ఉన్నారు. ఎం.ఎస్. వీరరాఘవన్ గారు ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఉద్యోగం వదిలి, భార్య గిరిజ గారితో కలిసి కొడైకెనాల్‌లో ఈ పనే పెట్టుకున్నారు. మన ఈశాన్య కొండల్లో పెరిగే రోజా జైగాంషియా, నీళ్ళలో కూడా నిలబడే రోజా క్లైనోఫిల్లా అనే అడవి గులాబీలని సంకరం చేసి కొత్త రకాలు తీశారు. గులాబీ ఊరికి తగ్గట్టుండాలి గానీ ఊరు గులాబీకి తగ్గట్టు మారదు అన్నది ఆ పనిలోని సారం.

పువ్వు ఎందుకు?

*జడలోకీ, బల్ల మీద గాజుకూజాలోకీ కావాలంటే* హైబ్రిడ్ టీ. పొడుగు కాడ, కాడకి ఒకే పువ్వు, కొనదేరిన మొగ్గ. మనం కళ్ళు మూసుకుని గులాబీ అనుకుంటే కనిపించేది ఇదే. 1867లో ఫ్రాన్స్‌లో వచ్చిన 'లా ఫ్రాన్స్' అనే గులాబీతో ఈ తరగతి మొదలైందని లెక్క. అమెరికన్ రోజ్ సొసైటీ ఆ ఏడాదినే గీతగా పెట్టుకుని, అంతకు ముందున్న తరగతులన్నిటినీ పాత తోట గులాబీలు అంటుంది. ఈ జాతిలో ఎర్రటిది, వాసన ఉన్నది కావాలంటే 'మిస్టర్ లింకన్'. తెలుపులో ఎరుపు అంచు, మంచి వాసన కావాలంటే 'డబుల్ డిలైట్'. లేత పసుపులో గులాబీ అంచు ఉండే 'పీస్' గురించి వినే ఉంటారు. ఫ్రాన్స్‌లో మెయాండ్ కుటుంబం తయారుచేసింది. యుద్ధం మొదలైన రోజుల్లో దాని కొమ్మలు అమెరికా చేరాయి. 1945లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు కోసం కూడిన ప్రతినిధులకి తలా ఒక 'పీస్' పువ్వు ఇచ్చారు.

కథలు బాగున్నాయి, కానీ హైబ్రిడ్ టీ పని ఎక్కువ అడుగుతుంది. నల్లమచ్చ తెగులు దీనికే ఎక్కువ. ఏడాదికోసారి గట్టిగా కత్తిరించాలి. సమయం ఉన్నవాళ్ళు ఒకటి రెండు పెట్టుకోండి. మొదటి గులాబీగా మాత్రం నేను చెప్పను.

*రోజూ పూజకి, దండకి కావాలంటే* గుత్తులుగా పూసేవి చూడాలి. ఇక్కడ పువ్వు సైజు కాదు, లెక్క ముఖ్యం. ఫ్లోరిబండా తరగతిలో 'ఐస్‌బర్గ్' అని తెల్లటిది, 1958లో జర్మనీలో కోర్డెస్ వాళ్ళు తెచ్చారు. ఇప్పటికీ ప్రపంచమంతా పెంచుతారు. వెన్నలాంటి పసుపు కావాలంటే 'జూలియా చైల్డ్'. ఇంకా మొండివి కావాలంటే చైనా గులాబీలు. 'ఓల్డ్ బ్లష్' లేత గులాబీ రంగులో, మంచు పడే రోజులు తప్ప ఏడాది పొడవునా ఏదో ఒక పువ్వు ఇస్తూనే ఉంటుంది. యూరప్ గులాబీలు చాలామటుకు ఏడాదికి ఒక్కసారే పూసేవి. మళ్ళీ మళ్ళీ పూసే గుణం వాటికి అబ్బింది ప్రధానంగా ఈ చైనా గులాబీల వల్లే. 'మ్యూటబిలిస్' అని ఇంకోటి ఉంది. ఒంటిరెక్క పువ్వు. విచ్చినప్పుడు పసుపు, తర్వాత గులాబీ, వాడేముందు ముదురెరుపు. ఒకే మొక్క మీద మూడు రంగులూ ఉండేసరికి సీతాకోకచిలుకలు వాలినట్టుంటుంది. దండకి పనికిరాదు గానీ పళ్ళెంలో పెట్టడానికి దీన్ని మించింది లేదు.

*వాసన కోసమైతే* కొంచెం వెనక్కి వెళ్ళాలి. గులాబీ అనే మాటలోనే నీళ్ళున్నాయి. పారశీకంలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్ళు. గులాబ్ అంటే మొదట పన్నీరు. పేరు పువ్వుకి తర్వాత అంటుకుంది. అంటే మన పూర్వులకి ఇది ముందు వాసన, తర్వాతే బొమ్మ. కోసిన పూల వ్యాపారానికి ఎక్కువ రోజులు నిలిచే పువ్వు కావాలి, పెట్టెల్లో నలగని రేకు కావాలి. అవి చూసి ఎంచుకుంటూ పోవడంలో వాసన వెనకబడింది. దుకాణంలో డజను గులాబీలు మొహానికి ఆనించుకున్నా ఏమీ తెలియకపోవడానికి కారణం అదే.

"మన ఊళ్ళో పూలమ్మే ఆవిడ బుట్టలో ఉండే వాసన గులాబీ ఇక్కడ దొరుకుతుందా?" అని చాలామంది అడుగుతారు. మామయ్యగారూ అత్తయ్యగారూ ఆరు నెలలకి వచ్చినప్పుడు ఈ ప్రశ్న మరీ ఎక్కువ. దక్షిణాదిలో దండలకీ పన్నీటికీ వాడే ఎడ్వర్డ్ రోజ్ బూర్బన్ తరగతికి చెందింది. హిందూ మహాసముద్రంలో మారిషస్ పక్కన రీయూనియన్ దీవి ఉంది. దాని పాత పేరు బూర్బన్. అక్కడి పొలాల కంచెల్లో చైనా గులాబీ, డమాస్క్ గులాబీ కలిసి పుట్టిన జాతి ఇది. చైనా గులాబీ నుంచి మళ్ళీ మళ్ళీ పూయడం, డమాస్క్ నుంచి వాసన వచ్చాయి. అక్కడి నుంచి విత్తనాలు 1819 ప్రాంతంలో పారిస్ చేరి, ఒక కొత్త వంశమే బయల్దేరింది. మన ఊరి కొమ్మని అనుమతి పత్రాలు లేకుండా సూట్‌కేసులో తేవడం చట్టవిరుద్ధం, పైగా రోగాలు మోసుకొస్తుంది. అవసరం కూడా లేదు. దాని అన్నదమ్ములు ఇక్కడే ఉన్నాయి. 'సువనీర్ ద లా మాల్‌మెజోన్' లేత రంగు, నిండు ముద్ద పువ్వు. 'జెఫిరీన్ ద్రువాన్' ముళ్ళు లేకుండా పాకే తీగ, ముదురు గులాబీ రంగు. ఇక్కడ అన్నిటికన్నా తట్టుకునేది 'మ్యాగీ'. ఎరుపులో గులాబీ కలిసిన రంగు, రేకులు చేత్తో నలిపితే ఊరు గుర్తొచ్చే వాసన. దీని కథ చివర్లో చెబుతాను.

పాత పువ్వు రూపం, వాసన, కొత్త మొక్కలా మళ్ళీ మళ్ళీ పూయడం అన్నీ ఒక్కదాంట్లో కావాలని ఇంగ్లండ్‌లో డేవిడ్ ఆస్టిన్ జీవితమంతా పనిచేశాడు. 1961లో 'కాన్‌స్టన్స్ స్ప్రై'తో మొదలుపెట్టాడు. 1983లో వచ్చిన పసుపు 'గ్రాహమ్ థామస్' బాగా పేరు తెచ్చింది. వీటిని ఇంగ్లీష్ గులాబీలు అంటారు. మధ్యాహ్నం కాస్త నీడ ఉండే చోట ఇక్కడా బాగా వస్తాయి. పడమటి ఎండ నేరుగా తగిలితే మధ్యాహ్నానికి పువ్వు వాడిపోతుంది.

*పందిరికీ, కంచెకీ* పాకే గులాబీలు. ఎరుపు, వాసన కావాలంటే 'డాన్ వాన్'. లేత రంగు, మొండితనం కావాలంటే 'న్యూ డాన్'. అమెరికాలో మొక్కలకి ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు ఈ 'న్యూ డాన్'కే, 1931లో. పసుపు జల్లులా పూసే 'లేడీ బ్యాంక్స్'కి ముళ్ళు దాదాపు ఉండవు గానీ ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. పాత కొమ్మ మీదే పూస్తుంది కాబట్టి చలికాలంలో కత్తిరిస్తే ఆ ఏడు పూలు లేనట్టే. తీగ గులాబీకి ఒక చిట్కా ఉంది. కొమ్మని నిటారుగా పైకి పోనిస్తే కొసనే పూస్తుంది. అడ్డంగా వంచి కట్టండి, ప్రతి కణుపు దగ్గరా చిగురు లేచి పూస్తుంది. మన ఇళ్ళలో బీరపాదు పాకించినవాళ్ళకి ఇది నిమిషంలో వస్తుంది.

*అపార్ట్‌మెంటు బాల్కనీకి* చిట్టి గులాబీలు. కాలిఫోర్నియాలో రాల్ఫ్ మూర్ అనే ఆయన దశాబ్దాలపాటు వీటినే పెంచి వందల రకాలు తీశాడు. కిరాణా దుకాణంలో చిన్న కుండీలో అమ్మే చిట్టి గులాబీని కూడా తీసిపారెయ్యకండి. అందులో సాధారణంగా మూడు నాలుగు మొక్కలు కలిపి పెట్టి ఉంటారు. నెమ్మదిగా విడదీసి వేరు వేరు కుండీల్లో పెడితే ఒక్కోటీ నిలదొక్కుకుంటుంది. ఆరు గంటల ఎండ తగలాలి. ఇంట్లో కిటికీ దగ్గర పెడితే మాత్రం నిలవదు.

*చూసే తీరిక లేకపోతే* టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్ళు ఎర్త్‌కైండ్ అని ఒక జాబితా తయారుచేశారు. మందులు కొట్టకుండా, ఎరువు వెయ్యకుండా, పెద్దగా పట్టించుకోకుండా పెంచి, నిలబడ్డవాటికే ఆ ముద్ర వేశారు. పాతకాలపువాటిలో కొన్ని, 'మ్యూటబిలిస్', 'నాకౌట్' అందులో ఉన్నాయి. మొట్టమొదట ఆ ముద్ర పొందింది 'బెలిండాస్ డ్రీమ్'. నిండు ముద్ద పువ్వు, లేత గులాబీ రంగు, వాసన కూడా ఉంది. దాన్ని తయారుచేసిన రాబర్ట్ బేసై అదే విశ్వవిద్యాలయంలో లెక్కల ప్రొఫెసర్. ఎవరైనా ఒకే ఒక్క గులాబీ చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

వేరు ఎవరిది?

కడియం నర్సరీలు చూసినవాళ్ళకి అంటు అంటే చెప్పనక్కర్లేదు. దుకాణాల్లో అమ్మే గులాబీల్లో చాలావరకు అంటు మొక్కలు. కింద వేరు ఒక మొక్కది. దాని కాండం మీద ఇంకో మొక్క కన్ను అతికించి పెంచుతారు. త్వరగా ఎదుగుతుంది, చవగ్గా వస్తుంది. అందులో మోసం ఏమీ లేదు. కానీ పైన ఉన్నది పోతే ఏమవుతుందో తెలిసి ఉండాలి.

మా వీధి చివర ఒక వదిన ఉంది. ఆవిడ అమ్మగారు పోయిన ఏడాది, ఆవిడకి ఇష్టమైన రంగని లేత గులాబీ రంగు మొక్క ఒకటి తెచ్చి ముందు తలుపు పక్కన పెట్టుకుంది. రోజూ ఒక పువ్వు ఫోటో దగ్గర పెట్టేది. 2021 చలికి అది మొదలంటా నల్లబడింది. ఏప్రిల్‌లో నేల దగ్గర నుంచి చిగుళ్ళు లేచాయి. "బతికింది!" అని సంబరపడి వీధిలో అందరికీ చెప్పింది. ఆ కొమ్మలు ఏపుగా ఆరడుగులు పెరిగాయి. మరుసటి వసంతంలో విరగబూశాయి. ముదురు రక్తం రంగు, చిన్న చిన్న పూలు.

"మొక్క రంగు మారుతుందా వదినా?" అని అడిగింది.

మారదు. ఆవిడ పెట్టిన మొక్క పైభాగం ఆ చలికే పోయింది. లేచింది కింద ఉన్న వేరు. ఆ వేరు పేరు 'డాక్టర్ హ్యూయీ'. ఫిలడెల్ఫియాలో జార్జ్ థామస్ అనే ఆయన, తనకి గులాబీల పిచ్చి అంటించిన దంతవైద్యుడి పేరు పెట్టి వందేళ్ళ క్రితం తయారుచేసిన తీగ గులాబీ అది. పువ్వుగా కన్నా వేరుగా స్థిరపడింది. అమెరికాలో ఎన్నో లక్షల అంటు గులాబీల కింద ఉన్నది అదే. ఏప్రిల్‌లో పాత ఇళ్ళ ముందు ఒకే తీరు ముదురెరుపు పూలు రెండు వారాలు విరగబూసి మాయమైతే, ఆ చోట ఒకప్పుడు ఇంకెవరో ప్రేమగా పెట్టుకున్న వేరే గులాబీ ఉండేదని అర్థం.

ఈ సంగతి ఆవిడకి చెప్పడం నాకు కష్టంగానే ఉండింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే చలికి పోయినా అదే మొక్క మళ్ళీ లేచేది ఏదైనా ఉందా?" అంది. ఉంది. సొంత వేరు మొక్క. కొమ్మ గుచ్చి వేరు పట్టించినది. పైన ఏ పువ్వో కింద వేరూ దానిదే. నేల పైన మొత్తం మాడిపోయినా, వేరు బతికి ఉంటే లేచేది అదే పువ్వు. మా పెరట్లో సొంత వేరు మీద ఉన్న 'మ్యూటబిలిస్' కూడా ఆ ఏడు నేలమట్టమై మే నెలకి నడుమెత్తు లేచింది, అవే మూడు రంగులతో. ఆవిడకి సొంత వేరు 'బెలిండాస్ డ్రీమ్' ఇప్పించాను.

కనుక్కోవడం సులువే. మొదలు దగ్గర ముడిలా ఉబ్బి ఉంటే అంటు. అట్ట మీద ఓన్ రూట్ అని రాసి ఉంటే సొంత వేరు. చిట్టి గులాబీలూ, పాత గులాబీలు అమ్మే చిన్న నర్సరీల మొక్కలూ ఎక్కువగా సొంత వేరువే. మొదట్లో చిన్నగా ఉంటాయి, రెండేళ్ళు ఓపిక పట్టాలి. అంటు మొక్క ఇప్పటికే ఉంటే దాని ముడి కింద నుంచి ఏదైనా కొమ్మ లేస్తోందేమో చూస్తూ ఉండండి. లేస్తే కత్తెరతో కత్తిరించకండి, మళ్ళీ వస్తుంది. మట్టి తీసి, మొదలంటా పట్టి చీల్చెయ్యండి.

వీధంతా ఒకే మొక్క

2000లో 'నాకౌట్' వచ్చింది. విస్కాన్సిన్‌లో విలియం రాడ్లర్ తయారుచేశాడు. నల్లమచ్చ రాదు, కత్తిరించకపోయినా పూస్తుంది. బ్యాంకు ముందు, బడి ముందు, ప్రతి కాలనీ గేటు ముందు అదే. తర్వాత రోజ్ రోజెట్ అనే తెగులు వచ్చింది. కంటికి కనిపించనంత చిన్న నల్లి ఒకటి గాలిలో కొట్టుకొచ్చి ఒక వైరస్‌ని అంటిస్తుంది. ఆ వైరస్ ఏమిటో 2011లో తేల్చారు. మందు లేదు. డాలస్ ప్రాంతంలో వరసలకి వరసలు పీకేశారు.

గుర్తులు తెలుసుకోండి. లేత చిగురు ఎర్రగా ఉండడం గులాబీకి మామూలే. ఆకు ముదిరినా ఎరుపు పోకపోతే, కొమ్మ మామూలుకన్నా లావై చీపురుకట్టలా గుబురుగా చిగుళ్ళు వస్తే, ముళ్ళు సందు లేకుండా వస్తే అనుమానించాలి. రూఢి అయితే వేళ్ళతో సహా తీసి సంచిలో కట్టి చెత్తలో వెయ్యాలి. కంపోస్టులో వెయ్యకూడదు. మీ మొక్క ఒక్కటి ఉంచుకుంటే ఆరిళ్ళ అవతలి మొక్కకి పోతుంది. ఇందులో జాలి పనికిరాదు.

'నాకౌట్' చెడ్డ మొక్క కాదు. దాదాపు ఏ గులాబీకైనా ఈ తెగులు రావచ్చు. కానీ వరసగా ఒకదానికొకటి ఆనుకుని అవే ఉంటే నల్లికి పెళ్ళిభోజనం. అయిదు గులాబీలు పెట్టాలనుకుంటే అయిదు రకాలు పెట్టండి. మధ్యలో తులసో, బంతో, రోజ్‌మేరీయో పెట్టి ఎడం ఉంచండి.

ఏ నెలలో ఏం చెయ్యాలి

ఇక్కడ పెద్ద కత్తిరింపు ఫిబ్రవరి మధ్యలో. ఊరంతా గులాబీలు కొనే వాలెంటైన్స్ డే రోజున గులాబీ పెంచేవాళ్ళు కత్తెర పట్టుకుంటారు. ఆగస్టు చివర మళ్ళీ తేలికగా, పావు వంతుకి మించకుండా కొసలు తీస్తే, ఆరేడు వారాల్లో రెండో విడత పూస్తుంది. సరిగ్గా బతుకమ్మకీ దసరాకీ చేతికొస్తుంది. జులైలో పువ్వు చిన్నదై రంగు వెలిసిపోతే కంగారు పడకండి, ఎండకి అది విశ్రాంతి తీసుకుంటోంది. నీళ్ళు మొదట్లో పొయ్యండి, ఆకు మీద కాదు. ఆకు ఏడెనిమిది గంటలు తడిగా ఉంటే నల్లమచ్చకి ఆహ్వానం పలికినట్టే. స్ప్రింక్లర్ రాత్రి కాక తెల్లవారుజామున తిరిగేలా పెట్టండి.

ఒక ముఖ్యమైన మాట. గుల్కందు చేసుకోవాలన్నా, రేకులు పాయసంలో వెయ్యాలన్నా మందు వెయ్యని మొక్కవే వాడండి. వేరుకి వేస్తే మొక్కంతా పాకే గులాబీ మందులు దుకాణాల్లో సీసాల్లో దొరుకుతాయి. అవి వేసిన మొక్క పువ్వు నోట్లో పెట్టుకోవడానికి పనికిరాదు. పూలకొట్లో కొన్న గులాబీలూ అంతే.

కొమ్మ ఇచ్చేటప్పుడు

అక్టోబరు, నవంబరుల్లో కొమ్మలు గుచ్చుకోవచ్చు. ఇటీవల పూసి వాడిన కొమ్మ, పెన్సిలంత లావు, జానెడు పొడవు తీసుకోండి. కింది ఆకులు తీసేసి రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చి, పైన సగం కోసిన ప్లాస్టిక్ సీసా బోర్లించండి. మట్టి తడి ఆరనివ్వకండి. వసంతానికి కొన్నైనా పట్టుకుంటాయి. కొత్త రకాలకి ఇరవై ఏళ్ళు పేటెంటు ఉంటుంది, వాటి కొమ్మలు గుచ్చడం కుదరదు. పాత గులాబీలకి ఆ అడ్డు లేదు. ఎవరి దగ్గరైనా తీసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు.

ఇందాక చెప్తానన్న 'మ్యాగీ' అలా చేతులు మారిందే. టెక్సస్ ఏ అండ్ ఎంలో ఉద్యానశాస్త్రం చెప్పిన విలియం వెల్చ్ గారు లూసియానాలో భార్య అమ్మమ్మగారి ఇంటి దగ్గర ఆ గులాబీని చూశారు. అసలు పేరు ఎవరికీ తెలియదు. పెంచిన ఆవిడ పేరు మ్యాగీ. మొక్కకీ అదే పేరు పెట్టారు. ఆయనే న్యూ ఆర్లియన్స్ దగ్గర పెగీ మార్టిన్ అనే ఆవిడ తోటలోని ఒక తీగ గులాబీ కొమ్మలు కూడా తీసుకెళ్ళారు. 2005లో కత్రీనా తుఫానుకి ఆ ఇల్లూ తోటా దాదాపు రెండు వారాలు ఉప్పునీళ్ళ కింద ఉన్నాయి. పెగీ గారి తల్లిదండ్రులు ఆ తుఫానులోనే పోయారు. నీళ్ళు తీశాక చూస్తే తోటలో గులాబీలన్నీ చచ్చిపోయి, ఆ తీగ ఒక్కటే పచ్చగా ఉంది. దానికీ అసలు పేరు తెలియదు. ఇప్పుడు 'పెగీ మార్టిన్' పేరుతో టెక్సస్ అంతటా కంచెల మీద పూస్తోంది. దాని మొక్కలు అమ్మి వచ్చిన డబ్బులో కొంత తుఫానుకి దెబ్బతిన్న తోటలు బాగుచెయ్యడానికి వెళ్ళింది.

మన ఇళ్ళలో బావి దగ్గరా, పెరటి గోడ వారా ఉన్న గులాబీలకి కూడా పేర్లు ఉండేవి కావు. "అమ్మమ్మ వాళ్ళింటి గులాబీ" అనేవాళ్ళం, అంతే. పుస్తకాల్లోకి ఎక్కిన 'మ్యాగీ' కూడా అలాంటి పేరే కదా. అందుకని కొమ్మ ఎవరికైనా ఇచ్చేటప్పుడు కుండీకి ఒక చీటీ కట్టండి. మొక్క పేరు తెలిస్తే అది రాయండి. తెలియకపోతే అది ఎవరి చేతి మొక్కో రాయండి. సొంత వేరు మీద లేచిన మొక్క మనకన్నా ఎక్కువ కాలం ఉంటుంది.